బాపుకు పాలసీ: తీసుకోవాలా, తీసుకుంటే ఏది?

హనుమకొండలో స్టెంట్ వేయించుకుని బాపు ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పేరు మీద ఏదన్నా పాలసీ చేద్దామా?" అన్నాడు. ఆ మాట అనడానికి వాడెంత ఇబ్బంది పడ్డాడో గొంతులోనే తెలిసింది. తండ్రి మంచంలో ఉండగా ఆయన పోయాక వచ్చే పైసల గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే. అయినా వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పరకాల దగ్గర మా ఊళ్లో, హనుమకొండలో నేనుండే గల్లీలో, అరవై దాటి షుగరో గుండెజబ్బో ఉన్న పెద్దవాళ్లున్న ఇళ్లల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తూనే ఉంది.

తర్వాత రెండు నెలలు ఏజెంట్లతో, బ్యాంకు వాళ్లతో, పోస్టాఫీసులో, రైతు వేదికలో కూర్చుని మాట్లాడాను. చివరికి బాపు పేరు మీద జీవిత బీమా తీసుకోలేదు. అదే నెలలో మా చిన్నమ్మ వాళ్లింట్లో మాత్రం తీసుకొమ్మని నేనే పట్టుబట్టాను. ఆ రెండిళ్ల మధ్య తేడా చెప్తే మీ ఇల్లు ఎటువైపు ఉందో మీకే తెలుస్తుంది.

ఎవరి చేతికి పైసలు ఆగిపోతాయి?

ఏ పాలసీ అని అడిగే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ లెక్క తేల్చుకోవాలి. ఆయన లేకపోతే ఎవరి చేతికి వచ్చే పైసలు ఆగిపోతాయి? జీవిత బీమా ఉన్నది ఆ లోటు పూడ్చడానికి.

బాపు రెండున్నర ఎకరాల్లో పత్తి వేస్తాడు. వచ్చింది విత్తనాలకు, మందులకు, మిత్తికి పోతుంది. అమ్మకూ ఆయనకూ ఇల్లు గడిచేది మేమిద్దరం పంపేదాంతోనే. అంటే ఆయన మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు లేరు. ఆయనే మా మీద ఆధారపడ్డాడు. మాకు పైసల లోటు వచ్చేది ఆసుపత్రి దగ్గర, అది కూడా ఆయన బతికుండగానే. ఈ మాట తమ్ముడికి అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది, నాకు నెల పట్టింది.

అయినా చాలామంది పాలసీ కావాలనడానికి రెండు కారణాలు చెప్తారు. ఒకటి అప్పు. బాపు పోతే ఆయన బ్యాంకు లోన్ మన నెత్తిన పడుతుందని భయం. చట్టం ప్రకారం వారసుల బాధ్యత వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. ఆస్తి రాకపోతే కొడుకు తన జీతంలోంచి తండ్రి అప్పు కట్టాల్సిన పని లేదు. కాకపోతే మీరు జమానతు (హామీ) సంతకం పెట్టి ఉంటే అది మీ సొంత అప్పే. మా వైపు చిట్టీలకు ఒకరికొకరు జమానతు పెట్టుకోవడం ఎంత మామూలో తెలిసిందే. పాలసీ కోసం వెతికే ముందు ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారో రాసి పెట్టుకోండి. మేం రాస్తే ఆరు వచ్చాయి, అందులో రెండు మర్చిపోయినవే.

రెండోది దినాల ఖర్చు. పదకొండో రోజు ఊరందరికీ భోజనాలు, బంధువులకు బట్టలు, తర్వాత ఏడాదికి మాసికం. ఇది నిజంగా వచ్చే ఖర్చే. దానికి బీమా కొనడం మాత్రం నాకు సరైన దారి అనిపించలేదు. ఎందుకో లెక్క కింద చెప్తాను.

వయసు ఇంకా లోపలే ఉంటే ముందు ఇవి

ఏజెంటును పిలవడానికి ముందు ఆధార్ కార్డు తీసి చూడండి. మన దగ్గర ఉన్న మంచి బీమాల్లో చాలావరకు ఏదో ఒక పుట్టినరోజు నాడు తలుపు మూసేస్తాయి, ఆ లోపు ఉంటే ఆరోగ్యం గురించి పెద్దగా అడగవు.

వీటిలో మొదటిది తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా. 2018 ఆగస్టులో మొదలైంది. పట్టాదారు పాస్‌బుక్ ఉండి, 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి రూ.5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. మెడికల్ టెస్టులు లేవు. షుగర్ ఉన్నా, స్టెంట్ ఉన్నా, డయాలసిస్ నడుస్తున్నా ఇస్తారు. ఇంత మంచి బీమా ఏ ప్రైవేటు కంపెనీ దగ్గరా దొరకదు. అయినా దీన్ని పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు. తాత పోయి పదేళ్లయినా భూమి ఆయన పేరు మీదే ఉంటుంది, విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) చేయించుకోరు. పాస్‌బుక్ లేకపోతే రైతుబీమా లేదు. మీ నాన్నకు 55 ఉండి భూమి ఇంకా తాత పేరు మీద ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. నామినీగా రాసినవాళ్లు బతికే ఉన్నారో లేదో కూడా ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి చూసుకోండి. అమ్మ పోయినా నామినీగా అమ్మ పేరే ఉన్న రైతులు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. బీమా ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది కాబట్టి ఏ మార్పయినా అంతకు ముందే చేయించాలి.

మా బాపు సంగతి ఇక్కడే తిరగబడింది. మేనత్త పెళ్లి నాటికి పదేళ్లు అన్న అమ్మ లెక్క ప్రకారం ఆయనకు 58. ఆధార్‌లో 61. పుట్టిన తేదీ జనవరి 1, మన ఊళ్లల్లో సగం మందిది అదే పుట్టినరోజు. మార్పించాలంటే పదో తరగతి మెమోనో పుట్టిన సర్టిఫికెటో కావాలి. బాపు బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకా, అదీ వానాకాలంలో కాదు. అట్లా రూ.5 లక్షల రైతుబీమా పోయింది. అదే ఆధార్ వల్ల పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ అయ్యాడు, అది వేరే సంగతి.

కొత్తవాడ, సిరిసిల్ల లాంటి చోట్ల మగ్గం మీద బతికేవాళ్లకు నేతన్న బీమా ఉంది. 2022 ఆగస్టు 7న మొదలైంది, ఇదీ రూ.5 లక్షలే. పేరు నమోదై ఉందో లేదో చేనేత జౌళి శాఖ ఆఫీసులో అడగాలి.

భూమి, మగ్గం ఏదీ లేకపోతే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏటా రూ.436 ఖాతాలోంచి కట్ అవుతూ ఉంటే 55 దాకా నడుస్తుంది. చనిపోతే రూ.2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంతో తప్ప ఇంకే కారణంతో పోయినా రాదు. అమ్మకో నాన్నకో 48, 49 ఉండి షుగర్ అప్పుడే బయటపడితే ఈ నెలలోనే చేర్పించండి. ఒక్కసారి 50 దాటితే చేరడానికి వీల్లేదు.

ప్రధానమంత్రి సురక్షా బీమా 70 దాకా ఉంటుంది, ఏడాదికి రూ.20. ఇది ప్రమాదానికి మాత్రమే, రూ.2 లక్షలు. గుండెపోటు ప్రమాదం కింద రాదు, ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా వస్తుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయిన కాగితం ఉండాలి. పొలం కాడికి పోయే మనిషికి రూ.20 పెట్టకపోవడానికి నాకైతే కారణం కనపడదు. మే 31కి ముందు ఖాతాలో ఆ కాస్త పైసలు ఉన్నాయో లేదో చూసుకోవాలి, అంతే.

అమ్మ మహిళా సంఘంలో ఉంటే వీవోఏను (ఊళ్లో సంఘాల లెక్కలు చూసే ఆమెను) అడగండి. 2024 నుంచి సభ్యురాలు చనిపోతే సంఘం ద్వారా ఆమె తీసుకున్న లోన్ రూ.2 లక్షల దాకా మాఫీ, ప్రమాదంలో పోతే రూ.10 లక్షలు.

కంపెనీల దగ్గర దొరికేవి

బాపు లాంటి మనిషికి, అంటే అరవై దాటి జబ్బున్నవాళ్లకు, ఏజెంట్లు చూపించేవి మూడు రకాలు.

మొదటిది టర్మ్. పోతేనే వస్తాయి, బతికుంటే ఏమీ రాదు. వీటిలో సరల్ జీవన్ బీమా అని ఒకటుంది. 2021 జనవరి 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టింది. 65 దాకా చేరొచ్చు, 70కి ముగుస్తుంది, రూ.5 లక్షల నుంచి రూ.25 లక్షల దాకా తీసుకోవచ్చు. మొదటి 45 రోజులు ప్రమాదానికే. షరతులు ఒకటే అయినా ధర కంపెనీని బట్టి మారుతుంది, ఇవ్వాలా వద్దా అన్నదీ వాళ్ల ఇష్టమే. షుగర్ గోలీలతో అదుపులో ఉండి, మిగతావి బాగుంటే ఎక్స్‌ట్రా ప్రీమియం వేసి ఇస్తారు. ఇన్సులిన్, స్టెంట్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) ఎక్కువ ఉండటం, ఈ మధ్యే వచ్చిన పక్షవాతం లాంటివి ఉంటే ఎక్కువగా వద్దంటారు, లేదా ఏడాది ఆగి రమ్మంటారు. మాకు ఒక కంపెనీ వద్దంది, ఇంకొకటి ఏడాది తర్వాత చూద్దామంది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. తర్వాత ఎక్కడ అప్లై చేసినా "ఇంతకు ముందు ఏ కంపెనీ అయినా తిరస్కరించిందా, వాయిదా వేసిందా" అని ఫారంలో అడుగుతారు. అందుకే ఒకేసారి నాలుగు చోట్ల సంతకాలు పెట్టొద్దు. డిశ్చార్జ్ సమ్మరీ, మూడు నెలల షుగర్ రిపోర్టు ఏజెంటుకు ఇచ్చి, ఫారం నింపకముందే కంపెనీని అడిగి చెప్పమనండి. తెలిసిన ఏజెంటయితే ఆ పని చేసిపెడతాడు.

రెండోది, ఏజెంట్లకు ఎక్కువ ఇష్టమైనది, ఏటా కట్టే ఎండోమెంట్ లాంటి పాలసీ, అంటే మధ్యలో పోయినా, గడువు దాకా బతికున్నా పైసలు వచ్చేది. చాలావాటిలో చేరే వయసు 55, 60 దగ్గరే ఆగిపోతుంది. పోస్టాఫీసు గ్రామీణ తపాలా బీమా కూడా 55 దాకానే. వయసు కుదిరినా లెక్క చూడండి. నిబంధన ప్రకారం ఇలాంటి పాలసీల్లో మరణిస్తే ఇచ్చేది ఏడాది ప్రీమియానికి కనీసం 7 రెట్లు, లేదా అప్పటిదాకా కట్టినదానికి 105 శాతం, ఏది ఎక్కువైతే అది. పెద్ద వయసువాళ్లకు చాలా ప్లాన్లు ఆ కనీసం దగ్గరే తిరుగుతాయి.

ఏటా రూ.30,000 చొప్పున పదేళ్లు అనుకుందాం. ఏడు రెట్లు అంటే రూ.2,10,000. రెండో ఏట పోతే రూ.60,000 కట్టి రూ.2,10,000 తెచ్చుకుంటారు, బాగానే ఉంది. ఏడో ఏడాదికి కట్టిందే రూ.2,10,000 అవుతుంది. ఎనిమిదో ఏట పోతే కట్టింది రూ.2,40,000, వచ్చేది రూ.2,52,000. బోనస్ ఉంటే ఇంకొంచెం కలుస్తుంది. అంటే మనకు లాభం ఉండేదల్లా మొదటి నాలుగైదేళ్లలోనే. అందులోనూ మొదటి మూడేళ్లు కంపెనీ క్లెయిమును అనుమానంగా చూస్తుంది. దాని గురించి కిందే చెప్తాను, అసలు కథ అంతా అక్కడే ఉంది.

మూడోది ఒకేసారి కట్టే సింగిల్ ప్రీమియం. లక్ష కడితే చాలా ప్లాన్లలో మరణానికి లక్షా పాతిక వేలు. బీమా అని పేరు గానీ దాదాపు డిపాజిట్టే. పెద్దవాళ్లకు బ్యాంకు కౌంటర్లో "ఎఫ్‌డీ లాంటిదే సార్" అంటూ అంటగట్టేది ఎక్కువగా ఇదీ, దీని అన్నదమ్ములూ. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరు గారికి ఇచ్చిన పాలసీ బాండు నేను చదివి చూస్తే, కట్టేది ఆయన, బీమా ఉన్నది మనవడి ప్రాణం మీద. ఆయనకు ఏదైనా అయితే ఒక్క రూపాయి రాదు, పైగా మిగతా ప్రీమియాలు ఎవరు కడతారన్న తలనొప్పి. బాండులో "జీవిత బీమా పొందిన వ్యక్తి" అన్న చోట ఎవరి పేరుందో ముందు చూడండి. నచ్చకపోతే బాండు చేతికందిన 30 రోజుల లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. టీచరు గారికి ఆ విషయం నలభయ్యో రోజున తెలిసింది.

ఇంకో రెండు మాటలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్‌టీ లేదు, ఎవరైనా 18 శాతం కలిపి లెక్క చెప్తే అడగండి. తల్లిదండ్రుల జీవిత బీమాకు మీరు కట్టే ప్రీమియం మీ పన్ను మినహాయింపు కిందికి రాదు. మీది, భార్యది లేదా భర్తది, పిల్లలది మాత్రమే వస్తుంది. ఏజెంటు పన్ను ఆదా అని మొదలుపెట్టాడంటే ఆ మాటతోనే ఆయనకు ఎంత తెలుసో మీకు తెలిసిపోతుంది.

"మెడికల్ లేకుండా చేయిస్తా"

ఈ మాట మీరు కచ్చితంగా వింటారు. మేమూ విన్నాం. వినగానే నాకు పెద్దబాపు గుర్తొచ్చాడు.

పెద్దబాపుకు కిడ్నీలు పాడవుతున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన ఏజెంటే వచ్చి, టెస్టులు అక్కర్లేని చిన్న పాలసీ అని ఫారం తానే నింపుకుని సంతకం చేయించుకుపోయాడు. పద్నాలుగు నెలలకు పెద్దబాపు పోయాడు. క్లెయిమ్ పెట్టిన నెలకు కంపెనీ తరఫున విచారణకు ఒకాయన బైకు మీద ఊరికొచ్చాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాడు, పక్కింటివాళ్లతో మంచిగా మాట్లాడాడు. "పాపం, ఎన్నాళ్లుగా బాధపడుతున్నాడో" అన్నాడట. అందరూ జాలిగా నాలుగేళ్ల చరిత్ర చెప్పారు. ఆసుపత్రి కాగితాలు ఎట్లాగూ దొరికాయి. ఫారంలో "కిడ్నీ జబ్బు ఉందా" అన్నదానికి ఎదురుగా "లేదు" అని ఉంది, కింద పెద్దబాపు సంతకం ఉంది. క్లెయిమ్ పోయింది. కట్టిన ప్రీమియాలు మాత్రం వెనక్కిచ్చారు.

టెస్టులు లేకపోవడం వేరు, ప్రశ్నలు లేకపోవడం వేరు. రక్తం తీసుకోకపోయినా ఫారంలో ఆరోగ్యం గురించి రాయాల్సిందే. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు నిండాక కంపెనీ ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించడానికి లేదు. మూడేళ్ల లోపయితే జబ్బు దాచారని తిరస్కరించొచ్చు. మోసమని తేల్చితే కట్టినవీ ఇవ్వరు, పొరపాటుగా దాచారంటే 90 రోజుల్లో ప్రీమియాలు తిరిగివ్వాలి. మధ్యలో ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి (ల్యాప్స్), మళ్లీ నడిపిస్తే (రివైవ్) ఆ మూడేళ్లు మళ్లీ మొదటికొస్తాయి. "మూడేళ్లు దాటితే ఏం కాదన్నా" అని కొందరు ధైర్యం చెప్తారు. మూడేళ్లు దాటుతాడో లేదో తెలియకే కదా ఆయనకు పాలసీ వెతుకుతున్నాం.

కాబట్టి ఫారం మీ ముందే నింపించండి, ఉన్న జబ్బులన్నీ రాయించండి, నింపినాక ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రాసినందుకు కంపెనీ ఇవ్వనంటే ఆ పాలసీ మీకు ఎప్పటికీ పనికొచ్చేది కాదని అప్పుడే తేలిపోయినట్టు. నిజం రాశాక కూడా క్లెయిమ్ ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల చూసి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి.

మేం ఆ పైసలు ఎక్కడ పెట్టాం

ముందు ఆసుపత్రి. రేషన్ కార్డున్న ఇంటికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి రూ.10 లక్షలు. గుండె ఆపరేషన్లు, డయాలసిస్ అందులో ఉన్నాయి. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి రూ.5 లక్షలు. ఏ కార్డయినా మీరు వెళ్లే ఆసుపత్రిలో ఆ జబ్బుకే చెల్లుతుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి, అర్ధరాత్రి అంబులెన్సులో ఉండి అడగడం కుదరదు.

మాకు కలిసొచ్చింది ఇంకొకటి. తమ్ముడు హైదరాబాద్‌లో పనిచేసే కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీలో కొంత పైసలు కట్టి తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంది. అలాంటి గ్రూప్ పాలసీల్లో సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వస్తుంది. రెండేళ్లుగా హెచ్‌ఆర్ నుంచి వస్తున్న మెయిల్ వాడు తెరిచి కూడా చూడలేదు. మీ ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్లుంటే ఈ రోజే అడగండి. ఆ అవకాశం లేకపోతే సొంతంగా హెల్త్ పాలసీ చూడాలి. కొత్త పాలసీ 65 ఏళ్ల దాకా ఇస్తే చాలన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి పోయింది, పాత జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదు. సీనియర్ ప్లాన్లలో బిల్లులో కొంత శాతం మనమే కట్టే కో-పే ఉంటుంది, ధర కంటే ముందు అది చూడండి. ఈ ప్రీమియానికి పాత పన్ను విధానంలో, అరవై దాటిన తల్లిదండ్రులకు రూ.50,000 దాకా మినహాయింపు ఉంది. నగదుగా కట్టొద్దు.

తర్వాత దినాల ఖర్చు, అమ్మ చేతి ఖర్చు. ఏజెంటుకు పదేళ్లలో ఇవ్వబోయే రూ.3 లక్షలు మా ఇద్దరి దగ్గరా, పత్తి అమ్మినదాంట్లోంచీ పోగేసి, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో బాపు, అమ్మ జాయింటుగా వేశాం. 8.2 శాతం మీద మూడు నెలలకోసారి రూ.6,150 వస్తుంది. వేసిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. షుగర్ గోలీలు, స్టెంట్ మందులు చాలావరకు అందులోనే గడిచిపోతున్నాయి. ఏదైనా జరిగితే అసలు ఎటూ పోదు, ఏ ఇన్‌స్పెక్టరూ ఊరికి రాడు. ఒకేసారి మూడు లక్షలు లేనివాళ్లు నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టుకోవచ్చు. చిట్టీ వేస్తే రిజిస్టరైన చిట్టీ, అదీ కొడుకు పేరు మీద వేయండి, పెద్దాయన పేరు మీద వద్దు.

మేం చేసినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మాత్రం బాపుకు సంబంధించింది కాదు. తమ్ముడూ నేనూ ఇద్దరం మా పేర్ల మీద టర్మ్ పాలసీ తీసుకున్నాం. ముప్పైల్లో ఉన్నాం, జబ్బులు లేవు, బాపుకు అడిగిన దాంట్లో సగం కూడా కాని ప్రీమియానికి ఎన్నో రెట్లు కవర్ వచ్చింది. నెలకు రెండుసార్లు నేను బైకు మీద హనుమకొండ నుంచి ఊరికి పోతాను. నేను పోతే అమ్మానాన్నలకు నెలనెలా పంపేది ఎవరు? ఆ లోటు మీద ఒక్క ఏజెంటూ నాతో మాట్లాడలేదు. నామినీలుగా భార్యనూ అమ్మనూ శాతాలు రాసి పెట్టాను. ఆ శాతాల దగ్గర ఇంట్లో కాస్త మాటామాటా అయింది, అది వేరే వ్యాసం.

చిన్నమ్మ వాళ్లింట్లో ఎందుకు తీసుకొమ్మన్నాను

చిన్నాయన కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. 58 ఏళ్లు, షుగర్ ఉంది, గోలీలతో అదుపులో ఉంది, గుండె, కిడ్నీ బాగున్నాయి. ఇంటి మీద లోన్ ఉంది. వాళ్ల చిన్నకూతురికి 24 ఏళ్లు, మానసిక ఎదుగుదల లేదు, ఎప్పటికీ ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇల్లు ఇప్పటికీ ఆయన సంపాదన మీదే నడుస్తోంది. మొదట అడిగిన ప్రశ్నకు ఈ ఇంట్లో జవాబు వేరు.

నేతన్న బీమాలో ఆయన పేరుందో లేదో ముందు చూశాం, ఉంది. దానికి తోడు 70 దాకా, అంటే పన్నెండేళ్లకు, రూ.10 లక్షల సరల్ జీవన్ బీమాకు అప్లై చేశాం. షుగర్ సంగతి మొదటి పేజీలోనే రాయించాం. రక్తం, మూత్రం, ఈసీజీ చూసి ఎక్స్‌ట్రా ప్రీమియం వేశారు. చిన్నమ్మకు అది ఖరీదుగానే అనిపించింది, నాకూ అనిపించింది. అయినా ఆ కూతురికి ఇంకో ఆధారం లేదు. పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోమన్నాను. 1874 నాటి చట్టం, ఫారంలో ఒక అదనపు కాగితం అంతే. అట్లా రాయిస్తే ఆ డబ్బు భార్యాబిడ్డలకే చెందుతుంది, అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి, తర్వాత కుదరదు. ఏజెంటుకు ఆ కాగితం సంగతే తెలియదు, బ్రాంచి ఆఫీసుకు రెండుసార్లు తిరిగితే దొరికింది.

ఇంకొక సంగతి. చిన్నాయన పాలసీకైనా, బాపు డిపాజిట్‌కైనా వాళ్ల సంతకం కావాలి, వాళ్లకు చెప్పకుండా చేసే పని కాదు. బాపుకు ఎట్లా చెప్పాలా అని మేం వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. పోస్టాఫీసు కాగితాల మీద సంతకం చేస్తూ ఆయనే అడిగాడు, "నా మీద బీమా ఏం చేయలేదారా?" అని. ఇరవై రూపాయలది ఒకటుందని చెప్పాను. అదెప్పుడొస్తదని అడిగాడు. పాము కరిస్తేనో, చెట్టు మీంచి పడితేనో అన్నాను.

"అయితే ఈ ఏడు చింతచెట్టు ఎక్కనులే, చింతకాయ మీరే తెంపుకోండి" అని పెన్ను నా చేతిలో పెట్టాడు.